పెద్ద విరూపణ విశ్లేషణలో నోడ్‌ల తొలి నిరూపకాలను ఎక్కడి నుంచి తీసుకోవాలి? (అబాకస్, యూమ్యాట్)

పరిశోధక_వరంగల్:

సభ్యులందరికీ నమస్కారం. గోడ మందం పొడవునా గట్టిదనం క్రమంగా మారే రబ్బరు గొట్టం మీద నేను పనిచేస్తున్నాను. లోపలి వ్యాసార్థం 10 మి.మీ., బయటి వ్యాసార్థం 20 మి.మీ. కోత గుణకం లోపలి అంచు దగ్గర 0.4 మెగాపాస్కల్ ఉండి, బయటి అంచు చేరేసరికి సరళరేఖలో 1.0 మెగాపాస్కల్‌కు పెరుగుతుంది. లోపలి వ్యాసార్థం 15 మి.మీ. అయ్యేదాకా గొట్టాన్ని ఒత్తిడితో ఉబ్బించాలి. సమతల వికృతి నమూనాలో పావు భాగం తీసుకుని, పదార్థ నియమాన్ని అబాకస్ స్టాండర్డ్ అనే పరిమిత మూలక సాఫ్ట్‌వేర్‌లో యూమ్యాట్‌గా, అంటే పదార్థ ప్రవర్తనను వాడుకరే రాసుకునే సబ్‌రొటీన్‌గా, రాస్తున్నాను.

గుణకం ఆ బిందువు తయారైనప్పుడు ఎక్కడ ఉందో దాని మీద ఆధారపడాలి గాని, ఉబ్బిన తరువాత ఎక్కడికి చేరిందో దాని మీద కాదు. యూమ్యాట్‌కు కోఆర్డ్స్ అనే శ్రేణి అందుతుంది గాని, ఎన్ఎల్‌జియోమ్ (పెద్ద విరూపణలను లెక్కలోకి తీసుకునే ఎంపిక) ఆన్‌లో ఉన్నప్పుడు అందులో ఉండేవి ప్రస్తుత నిరూపకాలేనని మాన్యువల్ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఇంటిగ్రేషన్ పాయింట్ల (ఎలిమెంట్ లోపల పదార్థ నియమాన్ని లెక్కకట్టే బిందువుల) తొలి నిరూపకాలు యూమ్యాట్ లోపల ఎలా దొరుకుతాయన్నది నా మొదటి ప్రశ్న. ఫలితాలను తొలి వ్యాసార్థానికి ఎదురుగా గీయడానికి నోడ్‌ల (మెష్‌లో ఎలిమెంట్లను కలిపే బిందువుల) తొలి నిరూపకాలు కూడా కావాలి. వాటికి ప్రస్తుత నిరూపకం నుంచి స్థానభ్రంశాన్ని తీసివేస్తే సరిపోతుందా అన్నది రెండో ప్రశ్న.

గట్టి_మెష్:

ప్రశ్నను అంకెలతో సహా ఇచ్చారు కనుక, తేడా ఎంత పెద్దదో ముందు ఆ అంకెలతోనే చూద్దాం. పదార్థం సంపీడనం చెందదనుకుంటే, మీ గొట్టంలో ప్రస్తుత వ్యాసార్థపు వర్గం నుంచి తొలి వ్యాసార్థపు వర్గాన్ని తీసివేసినప్పుడు గోడ అంతటా ఒకే సంఖ్య రావాలి. లోపలి అంచు 10 నుంచి 15కు వెళ్ళింది కాబట్టి ఆ సంఖ్య 225 − 100 = 125. గోడ మధ్యలో 15 మి.మీ. దగ్గర మొదలైన బిందువు ఇప్పుడు 350కి వర్గమూలం, అంటే సుమారు 18.71 మి.మీ. దగ్గర ఉంటుంది. దాని అసలు గుణకం 0.70 మెగాపాస్కల్. కోఆర్డ్స్‌ను నేరుగా వాడితే యూమ్యాట్ దానికి 0.92 ఇస్తుంది, అంటే దాదాపు 32 శాతం ఎక్కువ. లోపలి అంచు దగ్గర 0.4 ఉండాల్సింది 0.7 అవుతుంది. బయటి అంచు 22.91 మి.మీ.కు చేరుతుంది కాబట్టి అక్కడ 1.17 వస్తుంది, అది మీరు నిర్వచించిన పరిధిలోనే లేని విలువ. గొట్టం ఉబ్బుతున్న కొద్దీ పదార్థం దానంతటదే గట్టిపడుతున్నట్టు కనిపిస్తుంది. ఆ ఒత్తిడి వక్రరేఖ నునుపుగానే ఉంటుంది గనుక కంటితో చూసి ఎవరూ పట్టుకోలేరు. దీనితో పాటు, గుణకం ప్రస్తుత స్థానంతో మారుతున్నప్పుడు దాని అవకలజం మీ టాంజెంట్ మాత్రికలో ఉండదు కాబట్టి కన్వర్జెన్స్ (పునరావృతాలు జవాబు దగ్గర కుదురుకోవడం) కూడా మందగిస్తుంది.

మొదటి ప్రశ్నకు నేను సిఫారసు చేసే దారి ఎస్‌డీవినీ అనే సబ్‌రొటీన్. విశ్లేషణ మొదలయ్యేటప్పుడు, ఇంకా ఏదీ కదలకముందే, ప్రతి ఇంటిగ్రేషన్ పాయింట్‌కూ దాన్ని పిలుస్తారు. దానికి అందే కోఆర్డ్స్ ఆ బిందువు తొలి నిరూపకాలే. డెప్‌వార్ (ప్రతి బిందువు దగ్గర యూమ్యాట్ గుర్తుంచుకునే స్థితి చరరాశులు ఎన్నో చెప్పే కీవర్డ్) సంఖ్యను మూడు పెంచి, ఆ మూడు స్థానాల్లో ఈ నిరూపకాలను రాసి పెట్టండి. ఇన్‌పుట్ ఫైల్‌లో ఇనిషియల్ కండిషన్స్ అనే కీవర్డ్‌కు సొల్యూషన్ రకాన్ని, యూజర్ అనే పరామితిని జతచేయాలి, లేకపోతే సబ్‌రొటీన్ ఉన్నా దాన్ని పిలవరు. ఆ తరువాత యూమ్యాట్ ఆ మూడు స్థితి చరరాశులను చదవాలి తప్ప మార్చకూడదు. ఎస్‌డీవీని, అంటే స్థితి చరరాశుల అవుట్‌పుట్‌ను, ఫీల్డ్ అవుట్‌పుట్‌లో కోరితే అవి చివరిదాకా మారకుండా ఉన్నాయో లేదో చిత్రంలోనే కనిపిస్తుంది.

కొత్త_విద్యార్థి:

గట్టి_మెష్ గారూ, ఒక సందేహం. ఇంకో సబ్‌రొటీన్ రాయకుండా, యూమ్యాట్ లోపలే మొదటి స్టెప్, మొదటి ఇంక్రిమెంట్ (భారాన్ని విడతలుగా వేసేటప్పుడు ఒక్కో విడత) అయినప్పుడు కోఆర్డ్స్‌ను స్థితి చరరాశుల్లో భద్రపరిస్తే చాలదా? నేను చూసిన కొన్ని ప్రోగ్రాముల్లో అలాగే రాసి ఉంది.

గట్టి_మెష్:

చాలదు, దానికి కారణం ఇంక్రిమెంట్ లోపల జరిగే పునరావృతాల్లో ఉంది. ఒకే ఇంక్రిమెంట్‌లో న్యూటన్ పద్ధతి యూమ్యాట్‌ను చాలాసార్లు పిలుస్తుంది. ప్రతి పునరావృతంలోనూ స్థితి చరరాశులు ఇంక్రిమెంట్ ప్రారంభంలో ఉన్న విలువలతోనే లోపలికి వస్తాయి, చివరి పునరావృతంలో మీరు రాసిన విలువలే నిలుస్తాయి. కాబట్టి మొదటి ఇంక్రిమెంట్ అనే షరతు పెడితే, కన్వర్జ్ అయిన చివరి పునరావృతపు నిరూపకాలు భద్రమవుతాయి. అవి మొదటి ఇంక్రిమెంట్ ముగిసేసరికి బిందువు చేరిన స్థానాలు, తొలి స్థానాలు కావు. మొదటి ఇంక్రిమెంట్ చాలా చిన్నదైతే తేడా కంటికి ఆనదు. అందుకే ఆ ప్రోగ్రాములు సరిగ్గానే పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి. కానీ ఫలితం ఇంక్రిమెంట్ పరిమాణం మీద ఆధారపడడం మొదలైందంటే అది పదార్థ నమూనాగా నిలవదు.

ఫీల్డ్_వేరియబుల్:

పరిశోధక గారూ, మీ పదార్థం నియో-హుకియన్ (రబ్బరుకు వాడే ఒక సరళమైన నమూనా) అయితే అసలు యూమ్యాట్ అవసరమే లేదేమో ఆలోచించండి. అబాకస్‌లో ఉన్న హైపర్‌ఎలాస్టిక్ నమూనా గుణకాలను ఫీల్డ్ వేరియబుల్‌తో ముడిపెట్టవచ్చు. డిపెండెన్సీస్ 1 అని ఇచ్చి, పట్టికలో రెండు వరుసలు రాయండి. ఫీల్డ్ వేరియబుల్ 10 అయినప్పుడు మొదటి గుణకం 0.2, అది 20 అయినప్పుడు 0.5 (నియో-హుకియన్ మొదటి గుణకం కోత గుణకంలో సగం కదా). తరువాత ఇనిషియల్ కండిషన్స్‌లో ఫీల్డ్ రకం కింద ప్రతి నోడ్‌కు దాని తొలి వ్యాసార్థాన్నే ఫీల్డ్ వేరియబుల్ విలువగా ఇవ్వండి. ఆ విలువ నోడ్‌కు అంటుకుని ఉంటుంది. నోడ్ ఎక్కడికి కదిలినా, మీరు ప్రత్యేకంగా మార్చితే తప్ప అది మారదు. ఫోర్ట్రాన్ కంపైలర్ లేని ప్రయోగశాలల్లో నేను విద్యార్థులకు ఈ దారినే ముందు చూపిస్తాను. నోడ్ సంఖ్య, వ్యాసార్థం ఉన్న జాబితాను చిన్న పైథాన్ స్క్రిప్ట్ ఇన్‌పుట్ ఫైల్ నుంచే తయారుచేస్తుంది.

పరిశోధక_వరంగల్:

ఫీల్డ్_వేరియబుల్ గారికి ధన్యవాదాలు. ఈ దశలో పదార్థం నియో-హుకియనే అయినా, తరువాతి దశలో పోగుల దిశలు కూడా తొలి స్థానంతో మారుతాయి కాబట్టి యూమ్యాట్‌ను ఉంచుకుంటాను. అయితే రెండు దారుల ఫలితాలనూ పోల్చుకోవడానికి మీరు చెప్పిన పద్ధతి నాకు బాగా ఉపయోగపడుతుంది.

ఇన్‌పుట్ ఫైల్ నుంచి నోడ్ నిరూపకాలు చదవడం గురించి ఇంకొక ప్రశ్న. నా తరువాతి నమూనాలో గొట్టం ఒక పార్ట్, దాని చివర బిగింపు ఇంకొక పార్ట్. ఫైల్‌లో రెండింటికీ నోడ్ 1 ఉంది, నిరూపకాలు కూడా అసెంబ్లీలో కనిపించే స్థానాలతో సరిపోవడం లేదు.

గట్టి_మెష్:

ఫైల్‌లో నోడ్ కీవర్డ్ కింద ఉన్నవి ఆ పార్ట్ సొంత నిరూపక వ్యవస్థలోని సంఖ్యలు. అసెంబ్లీలో వాటి స్థానం ఇన్‌స్టన్స్ (పార్ట్‌ను అసెంబ్లీలో ఉంచిన ప్రతి) కీవర్డ్ కింద వచ్చే పంక్తుల నుంచి తేలుతుంది. మొదటి పంక్తి జరుపుడు, రెండో పంక్తి ఒక అక్షం మీద రెండు బిందువులు, డిగ్రీల్లో కోణం. ముందు జరుపుడు, తరువాత భ్రమణం. ఈ వరుస తప్పితే ఫలితమే వేరు. ఉదాహరణకు (10, 0, 0) దగ్గర ఉన్న నోడ్‌ను మొదటి అక్షం వెంట 50 జరిపి, ఆపైన మూల బిందువు గుండా పోయే మూడో అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పితే అది (0, 60, 0)కు చేరుతుంది. వరుస తారుమారు చేస్తే (50, 10, 0) వస్తుంది.

ఈ శ్రమ లేకుండా, ఫలితాల ఓడీబీ ఫైల్‌ను పైథాన్‌తో తెరిచి, రూట్ అసెంబ్లీలోని ఇన్‌స్టన్స్ నుంచి నోడ్‌ల జాబితా తీసుకోండి. ప్రతి నోడ్‌కు ఉండే కోఆర్డినేట్స్ అనే లక్షణం విరూపణకు ముందున్న స్థానాన్నే ఇస్తుంది, అదీ సమగ్ర నిరూపక వ్యవస్థలో. మీ రెండో ప్రశ్నకు నేరుగా జవాబు ఇదే. కాకపోతే జాబితాలో మొదటి నోడ్ సంఖ్య 1 అవుతుందని ఎన్నడూ అనుకోకండి. లేబుల్‌ను చూసి పైథాన్ నిఘంటువులో (డిక్షనరీ) పెట్టుకుని, ఫీల్డ్ అవుట్‌పుట్‌లోని నోడ్ లేబుల్‌తో జతచేయండి.

సబ్‌రొటీన్ లోపల నోడ్ సంఖ్యలు కావలసి వస్తే, ఒకటికి మించి పార్ట్‌లు ఉన్న నమూనాలో అక్కడ అందేవి అబాకస్ అంతర్గతంగా ఇచ్చుకున్న సంఖ్యలని గుర్తుంచుకోండి. గెట్‌పార్ట్‌ఇన్ఫో అనే సహాయక రొటీన్ అంతర్గత సంఖ్యను తీసుకుని ఇన్‌స్టన్స్ పేరును, మీరు ఇచ్చిన అసలు సంఖ్యను తిరిగి ఇస్తుంది. గెట్‌ఇంటర్నల్ దీనికి తిరుగు పని చేస్తుంది.

గోదావరి_సివిల్:

స్థానభ్రంశాన్ని తీసివేసే దారి గురించి ఒక హెచ్చరిక చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆనకట్టలు, సొరంగాల పనిలో ఇది మాకు నిత్యం ఎదురయ్యే విషయం. ఫీల్డ్ అవుట్‌పుట్ మామూలుగా సింగిల్ ప్రెసిషన్‌లో, అంటే సుమారు ఏడు సార్థక అంకెలతో నిల్వ అవుతుంది. సర్వే నుంచి వచ్చిన యూటీఎం (భూమిని మండలాలుగా విభజించి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) నిరూపకాలను అలాగే మెష్‌లోకి తెచ్చేవారు చాలామంది ఉన్నారు. హైదరాబాద్, పోలవరం రెండూ 44వ మండలంలోకే వస్తాయి, అక్కడ ఉత్తర దిశ నిరూపకం 19 లక్షల మీటర్ల చిల్లర ఉంటుంది. అంత పెద్ద సంఖ్య దగ్గర సింగిల్ ప్రెసిషన్‌లో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 0.125 మీటరు, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు. కాంక్రీటు కట్టడం కొన్ని మిల్లీమీటర్లు కదిలితే ప్రస్తుత నిరూపకంలో ఆ కదలిక కనబడనే కనబడదు. అందులోంచి స్థానభ్రంశాన్ని తీసివేసి వచ్చిన తొలి నిరూపకానికి అర్థమే లేదు.

జాబ్‌ను నడిపేటప్పుడు అవుట్‌పుట్ ప్రెసిషన్‌ను ఫుల్ అని ఇస్తే కొంత మేలు. అంతకంటే మెష్ తయారుచేయక ముందే దగ్గరలోని ఒక సర్వే బిందువును మూలంగా తీసుకుని, నిరూపకాలన్నిటి నుంచి దాన్ని తీసివేయడమే సరైన పని. ఆ మూల బిందువు విలువలను నమూనా పక్కనే ఒక ఫైల్‌లో రాసిపెట్టండి, ఎందుకంటే ఏళ్ళ తరువాత ఆ నమూనాను తెరిచే ఇంజనీరుకు అదొక్కటే ఆధారం. పరిశోధక గారి 20 మి.మీ. గొట్టానికి ఈ బాధ లేదు. అయినా తొలి నిరూపకాలు నేరుగా దొరుకుతున్నప్పుడు, తీసివేతతో వాటిని తిరిగి పుట్టించడం ఎందుకు?

స్వేచ్ఛా_మూలం:

లైసెన్స్ లేని చోట కాల్క్యులిక్స్ అనే ఉచిత పరిమిత మూలక సాఫ్ట్‌వేర్ వాడేవారి కోసం రాస్తున్నాను. దాని మూల ప్రోగ్రాములో కో అనే శ్రేణిలో నోడ్‌ల తొలి నిరూపకాలు, వోల్డ్ అనే శ్రేణిలో స్థానభ్రంశాలు విడివిడిగా ఉంటాయి. ప్రస్తుత స్థానం కావలసిన చోట రెండింటినీ కూడుకుంటారు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే చదివేవారికి ఏది ఏదో సందేహమే ఉండదు.

ఫెనిక్స్ అనే ఇంకొక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపమైన డాల్ఫిన్‌ఎక్స్‌లో మెష్ జ్యామితి శ్రేణిని మీరే మార్చనంత వరకు అవి తొలి నిరూపకాలే. అక్కడ చిక్కు వేరే చోట ఉంది. స్థానభ్రంశానికి రెండో తరగతి ప్రమేయాలు వాడితే అంచుల మధ్యలో కూడా స్వాతంత్ర్య మాత్రలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే కనుక్కోవలసిన విలువలు) పుడతాయి, అవి మెష్ శీర్షాల జాబితాలో ఉండవు. పైగా శీర్షాల వరుస, స్వాతంత్ర్య మాత్రల వరుస ఒకటి కాదు. కాబట్టి మెష్ నిరూపకాల పక్కన స్థానభ్రంశ శ్రేణిని పెట్టి గీయడం సరికాదు. ప్రమేయ అంతరాళాన్నే ట్యాబ్యులేట్ డాఫ్ కోఆర్డినేట్స్ అని అడగాలి.

సొంతంగా యూఎల్ (వాడుకరే ఎలిమెంట్‌ను నిర్వచించే అబాకస్ సబ్‌రొటీన్) రాసేవారికి ఇంకొక మాట. యూఎల్‌కు అందే కోఆర్డ్స్ ఎన్ఎల్‌జియోమ్ ఉన్నా లేకున్నా నోడ్‌ల అసలు నిరూపకాలే, అంటే యూమ్యాట్‌కు భిన్నం. ఇంటిగ్రేషన్ పాయింట్ తొలి స్థానం కావాలంటే, ఆ బిందువు దగ్గర ప్రతి నోడ్ ఆకార ప్రమేయపు (నోడ్ విలువలతో మధ్య విలువలను లెక్కకట్టే ప్రమేయం) విలువను ఆ నోడ్ తొలి నిరూపకంతో గుణించి అన్నిటినీ కూడాలి. ఎనిమిది నోడ్‌ల ఘనానికి పూర్తి ఇంటిగ్రేషన్‌లో ఆ బిందువులు మాతృ ఘనంలో (ఎలిమెంట్‌ను లెక్కకట్టడానికి వాడే ప్రామాణిక ఘనం) మూడు దిశల్లోనూ ±0.57735 దగ్గర ఉంటాయి. ఇక్కడ నోడ్‌ల వరుసను తప్పక సరిచూసుకోండి. అబాకస్ మాతృ ఘనం −1 నుంచి 1 దాకా ఉంటుంది, కింది ముఖం నాలుగు నోడ్‌లు చుట్టూ తిరిగే వరుసలో వస్తాయి. డీల్ టూ అనే పరిమిత మూలక గ్రంథాలయంలో ఘనం 0 నుంచి 1 దాకా, శీర్షాలు మొదటి నిరూపకం ముందుగా మారే వరుసలో ఉంటాయి. జీమెష్ అనే మెష్ సాఫ్ట్‌వేర్‌లో తయారైన పది నోడ్‌ల చతుర్ముఖిని అబాకస్‌కు తెచ్చేటప్పుడు చివరి రెండు నోడ్‌లను ఒకదానికొకటి మార్చాలి. మార్చకపోతే మధ్య నోడ్‌లు తప్పు అంచులకు అంటుకుని ఎలిమెంట్ మెలితిరుగుతుంది.

కొత్త_విద్యార్థి:

స్వేచ్ఛా_మూలం గారూ, దీనికి ఎదురు దిశలో వెళ్ళాలంటే ఎలా? నా దగ్గర ప్రయోగంలో గుర్తుపెట్టిన చుక్కల తొలి స్థానాలు ఉన్నాయి. ఏ చుక్క ఏ ఎలిమెంట్‌లో, మాతృ ఘనంలో ఎక్కడ ఉందో తెలుసుకుని అక్కడ స్థానభ్రంశాన్ని లెక్కకట్టాలి.

స్వేచ్ఛా_మూలం:

నాలుగు నోడ్‌ల చతుర్ముఖి అయితే సంబంధం సరళం కాబట్టి ఒక మూడు సమీకరణాల వ్యవస్థను సాధిస్తే చాలు. ఘనానికి న్యూటన్ పద్ధతి వాడాలి. మాతృ ఘనం మధ్య బిందువుతో మొదలుపెట్టి, ఆ ఊహ ఇచ్చే స్థానానికీ మీ చుక్క స్థానానికీ ఉన్న తేడాను జాకోబియన్‌తో (ఆ సంబంధపు అవకలజాల మాత్రిక) సరిదిద్దుతూ పోవాలి. మరీ వంకర తిరగని ఎలిమెంట్‌లో కొద్ది పునరావృతాల్లోనే కుదురుకుంటుంది. వచ్చిన మూడు సంఖ్యలూ −1, 1 మధ్య ఉంటే చుక్క ఆ ఎలిమెంట్‌లోదే. సరిగ్గా సరిహద్దు మీద పడిన చుక్కను గుండ్రింపు దోషం వల్ల రెండు ఎలిమెంట్లూ నిరాకరించే ప్రమాదం ఉంది కనుక, చిన్న వెసులుబాటు ఇవ్వండి. అన్ని ఎలిమెంట్లనూ వెతకకుండా, చుక్కను చుట్టే పెట్టె పరిధిలోకి వచ్చే వాటినే పరీక్షిస్తే కాలం చాలా కలిసివస్తుంది. ఈ లెక్కంతా తొలి నిరూపకాలతోనే చేయాలి, ఎందుకంటే మీ చుక్కలను గుర్తుపెట్టింది విరూపణకు ముందే.

పరిశోధక_వరంగల్:

గట్టి_మెష్ గారు చెప్పినట్టు ఎస్‌డీవినీతో నిరూపకాలను భద్రపరిచి, రెండు పరీక్షలు నడిపాను. మొదటిదానిలో గొట్టాన్ని విరూపణ లేకుండా 1000 మి.మీ. పక్కకు జరిపాను. ఏ బిందువు దగ్గరా గుణకం మారలేదు, ప్రతిబలాలు (స్ట్రెస్) సున్నాగానే ఉన్నాయి. రెండోది ఉబ్బించే పరీక్ష. ప్రతి ఇంటిగ్రేషన్ పాయింట్ దగ్గర ప్రస్తుత వ్యాసార్థపు వర్గం నుంచి భద్రపరిచిన వ్యాసార్థపు వర్గాన్ని తీసివేస్తే గోడ అంతటా 125కు చేరువగా వస్తోంది, మెష్‌ను సన్నం చేస్తే ఇంకా దగ్గరవుతోంది. ఫీల్డ్ వేరియబుల్ దారిలో వచ్చిన ఒత్తిడి వక్రరేఖ కూడా దీని మీదే పడుతోంది. ఇప్పుడు బిగింపు ఉన్న పూర్తి నమూనాకు వెళ్తున్నాను. అందులో గొట్టం బయటి ఉపరితలాన్ని బిగింపుకు టైతో (రెండు ఉపరితలాలను అతికించే షరతు) కలుపుతాను. అక్కడ ఇంకేమైనా చూసుకోవాలా?

గట్టి_మెష్:

తప్పక చూసుకోవాలి. టై పెట్టినప్పుడు, ఉపరితలాల మధ్య సందు ఉంటే అబాకస్ ఆధారిత నోడ్‌లను విశ్లేషణ మొదలవకముందే వికృతి లేకుండా జరిపి ఆనిస్తుంది. కాంటాక్ట్ జతలో అడ్జస్ట్ ఇచ్చినా అంతే. అంటే ఇన్‌పుట్ ఫైల్‌లో మీరు రాసిన స్థానం, విశ్లేషణ తొలి స్థితిగా తీసుకునే స్థానం ఆ నోడ్‌ల దగ్గర వేరు. ఎంత జరిగాయో సున్నా కాలపు ఫ్రేమ్‌లో స్ట్రెయిన్‌ఫ్రీ అనే అవుట్‌పుట్‌గా కనిపిస్తుంది. బయటి అంచు దగ్గర ఆ విలువలు మీ గోడ మందంతో పోల్చదగ్గవిగా ఉంటే, మెష్‌లోనే ఉపరితలాలను సరిగ్గా కలిసేలా దిద్దండి. ఇంపర్‌ఫెక్షన్ కీవర్డ్ వాడినా తొలి స్థానాలు మారుతాయి, అది మీరు కోరి చేసే మార్పు.

మీ గొట్టాన్ని ముందు ఉబ్బించి, ఆ ఫలితాన్ని ఇంపోర్ట్ ద్వారా ఇంకొక విశ్లేషణలోకి తెచ్చే ఆలోచన ఉంటే అప్‌డేట్ పరామితిని చూసుకోండి. నో అని ఇస్తే అసలు స్థితే ఆధారంగా కొనసాగుతుంది. యెస్ అని ఇస్తే ఉబ్బిన స్థితి కొత్త ఆధారమై స్థానభ్రంశాలు సున్నా నుంచి మళ్ళీ మొదలవుతాయి, అప్పుడు నోడ్ నిరూపకాలను అడిగితే వచ్చేది 15 మి.మీ. గొట్టమే. మీ గుణకం 10 మి.మీ. గొట్టానికి నిర్వచించినది కాబట్టి నో అని ఇచ్చి, స్థితి చరరాశులు కూడా వచ్చాయని మొదటి ఫ్రేమ్‌లోనే ఎస్‌డీవీ గీసి నిర్ధారించుకోండి.